మానోల్ వాసన చూసిన పాలు

మా ఇంట్లో పొద్దున్నే పాల క్యాను మూత తీసేది మానోల్. పక్కింటివాళ్ళు మెట్లమీద పెట్టి వెళ్ళిన క్యానును వంటింట్లోకి తెచ్చి, బల్లమీద పెట్టి, మూత పక్కకి జరిపి, కళ్ళు మూసుకుని వంగేవాడు. రెండు ఊపిరులు తీసుకునేవాడు. తర్వాత "ఊఁ" అనేవాడు. అది వినిపించాకే నేను పొయ్యి వెలిగించేదాన్ని. పెళ్ళయిన మర్నాటినుంచి ముప్పై తొమ్మిదేళ్ళు ఇదే వరస. చివరి రెండేళ్ళు తను కుర్చీలోంచి లేవలేకపోతే నేనే క్యానును తీసుకెళ్ళి ముక్కు దగ్గర పట్టేదాన్ని. వణికే చెయ్యి మూతని తాకేది. "ఊఁ" రావడానికి చాలాసేపు పట్టేది. నేను ఆగేదాన్ని.

ఇప్పుడు క్యాను మెట్లమీదే ఉంటోంది. ఎండ రెండో మెట్టుకి వచ్చేదాకా దాన్ని చూస్తూ కూర్చుంటాను. ఆ తర్వాత పాలు పాడవుతాయని లేచి తెచ్చుకుంటాను.

మా కొండ ఊరు మెచిదోల్‌లో పాల డైరీ అంటే పొడుగాటి రాతి గది, దాని వెనక చీజు ఊరబెట్టే చల్లటి గది. మా ఊరినుంచీ కొండ అవతలి ఊరినుంచీ ఆడవాళ్ళు తెల్లవారగానే క్యానులు మోసుకొచ్చి గుమ్మం ముందు వరసగా పెడతారు. గుమ్మంలో మానోల్ నిలబడేవాడు. ఒక్కొక్క మూతా తీసి వాసన చూసేవాడు. బాగుంటే "పొయ్" అనేవాడు, ఆ పాలు లోపలి పెద్ద తొట్టిలో పడేవి. బాగోకపోతే ఏమీ అనేవాడు కాదు. మూత పెట్టేసి, క్యాను పిడిని రోడ్డువైపు తిప్పేవాడు. ఆ క్యాను ఎవరిదో వాళ్ళు వచ్చి మాట్లాడకుండా ఎత్తుకుని ఇంటికి పోవాలి. మా ఊళ్ళో క్యాను తిప్పించుకోవడం కంటే తలవంపులు లేవు. అయినా మానోల్ తిప్పితే ఎవరూ వాదించలేదు. ఏ గొర్రె అడవి వెల్లుల్లి మేసిందో, ఎవరు క్యానును తడిగుడ్డతో తుడిచి తెచ్చారో ముక్కుతో చెప్పేవాడు.

లోపల తొట్టి దగ్గర చీజు కట్టేవాడు వెల్కో. ఇద్దరూ ఒకే బల్లమీద కూర్చుని చదువుకున్నవాళ్ళు. "వీడి ముక్కుకి భయపడి నేను తాగడమే మానేశాను, పక్క ఊరికి పోతే తప్ప" అనేవాడు వెల్కో. మానోల్ నవ్వేవాడు. తక్కువ మాటల మనిషి. తన పని గురించి పొగిడితే చెవులు ఎర్రబడేవి.

తనకి నలభై మూడేళ్ళప్పుడు కడుపు మొండికేసింది. నాతో చెప్పలేదు. నాకు మంచు వల్ల తెలిసింది. మా మరుగుదొడ్డి పెరటి చివర ఉంటుంది. ఆ చలికాలం మంచు పడ్డాక అక్కడిదాకా వెళ్ళే దారిలో నా అడుగులే ఉండేవి. మూడు రోజులు, నాలుగు రోజులు, ఒకసారి ఎనిమిది రోజులు. అడిగితే విసుక్కున్నాడు. ఎండు ప్లమ్ పళ్ళు నానబెట్టి ఇచ్చాను. ఊరబెట్టిన క్యాబేజీ పులుపునీళ్ళు తాగించాను. అన్నిటికంటే ఎక్కువ పెరుగు పెట్టాను. మా దగ్గర ఒంట్లో ఏం బాగోకపోయినా పెరుగే పెడతాం. మా అత్తగారి తోడుతో నేను వేసే పెరుగు చెంచా నిలబడేంత గట్టిగా ఉంటుంది. పొద్దున ఒక గిన్నె, సాయంత్రం ఒక గిన్నె. ఏమీ మారలేదు.

అప్పుడు నేను చెయ్యకూడని పని చేశాను. శనివారం ఊరి ఉమ్మడి పొయ్యి దగ్గర రొట్టెలు కాలేదాకా కూర్చునే ఆడవాళ్ళని మందు అడిగాను. మానోల్‌కి వారమైనా దొడ్డికి అవ్వడం లేదని నా నోటితో నేనే చెప్పాను. వాళ్ళు నవ్వారు. ఊరందరి పాలూ వాసన చూసి కడుపు నింపుకునేవాడికి బయటికి ఏం వస్తుందని ఎవరో అన్నారు. నేనూ నవ్వాను.

మూడేళ్ళ తర్వాత, జూన్ నెల. బాగా ఎండలు కాసిన వారం. కొండ అవతలి ఊళ్ళో ఉండే మానోల్ అక్క జఫిరా గొర్రెల పాలు తెచ్చింది. వరసలో పదకొండో క్యాను. మానోల్ మూత తీశాడు, వంగాడు, "పొయ్" అన్నాడు. పోశారు. మధ్యాహ్నానికి తొట్టెడు పాలు, అంటే ఏడువందల లీటర్లు, వేడి తగలగానే విరిగి నీళ్ళు ఒకవైపు ముక్కలు ఒకవైపు అయ్యాయి. రెండు ఊళ్ళ పాలు కాలవలో పారబోశారు. ఆ వాసనకి కుక్కలు కూడా దూరంగా నిలబడ్డాయి.

కబురు తెలిసి మేమంతా డైరీ ముందు చేరాం. వెల్కో చేతులు మోచేతులదాకా తెల్లగా ఉన్నాయి. జఫిరా ఖాళీ క్యాను ఇంకా కడగకుండా గోడ పక్కన ఉంది. దాన్ని తెచ్చి ఒక్కొక్కరి ముక్కు దగ్గరా పెట్టాడు. అందరూ మొహం తిప్పుకున్నారు. జఫిరా కూడా లోపలికి తొంగిచూసి, ఇంటి దగ్గర బాగానే ఉన్నాయని గొణిగి వెనక్కి తగ్గింది. చివరికి మానోల్ ముందు పెట్టాడు.

"చూడరా."

మానోల్ వంగాడు. ఎప్పటిలాగే కళ్ళు మూసుకున్నాడు. రెండు ఊపిరులు కాదు, నాలుగు తీసుకున్నాడు.

"బాగానే ఉందిరా" అన్నాడు.

వెనకనుంచి ఒక నవ్వు వచ్చింది, దాని వెంట అందరూ నవ్వారు. ఊరంతా చూస్తుండగా, ఊరంతా వాసన చూసిన క్యానును పట్టుకుని అంత మొండి అబద్ధం ఎవరూ ఆడి ఉండరని అనుకున్నారు. కళ్ళు పోతాయని తెలుసు, చెవులు పోతాయని తెలుసు. ముక్కు పోతుందని మేమెవరం ఎప్పుడూ వినలేదు. అందులోనూ మానోల్ ముక్కు.

వెల్కో క్యానును వెనక నిలబడ్డ నా దగ్గరికి తెచ్చాడు. వంగి చూశాను. ముక్కులో సూది గుచ్చినట్టు పులుపు.

"నువ్వు చెప్పు మింకా. నీ మొగుడు నిజం చెబుతున్నాడా?"

మానోల్ నావైపు చూశాడు. నేను ఏప్రాన్ మీద పడిన పిండి మరకని గోటితో గీకుతూ ఉండిపోయాను.

ఆ రోజు తన క్యానును రోడ్డువైపు తిప్పింది నేను. మిగతావాళ్ళు నా తర్వాతే.

మే మొదట్లో వచ్చే గెర్గోవ్‌డెన్ పండుగకి జఫిరా ఏటా తమ్ముడికి ఒక గొర్రెపిల్లని ఇచ్చేది. ఆ యేడూ, పాలు విరగడానికి ఆరు వారాల ముందు, ఇచ్చింది. అందుకే అక్క పాలు పుల్లగా ఉన్నా వదిలేశాడని ఊరు తేల్చింది. ఆ మరుసటి శనివారానికల్లా పొయ్యి దగ్గర మాట సిద్ధంగా ఉంది: మానోల్ మింగిన గొర్రెపిల్ల కడుపులో అడ్డం పడిందట, అందుకే వారాల తరబడి దొడ్డి మొహం చూడటం లేదట. ఆ మాటకి సగం సరుకు నేను ఇచ్చిందే. రొట్టె సగం కాలకుండానే తీసుకుని ఇంటికొచ్చేశాను.

డైరీలో వేరే మనిషిని పెట్టారు. మానోల్ అడవిలో కలప పనికి పోయాడు. నువ్వు చూసి ఉంటే నేను ఇంత అల్లరి అయ్యేదాన్ని కాదని జఫిరా, నువ్వు మంచి పాలు తెచ్చి ఉంటే అని మానోల్, అక్కాతమ్ముళ్ళకి మాటలు పోయాయి. పండుగ గొర్రెపిల్ల మళ్ళీ మా గుమ్మం ఎక్కలేదు.

ఇంట్లో మాత్రం పొద్దున మూత తీయడం మానలేదు. వంగి, "ఊఁ" అని, మొహం కడుక్కోవడానికి పెరట్లోకి పోయేవాడు. తను అటు పోగానే నేను మూత తీసి నా ముక్కుతో ఒకసారి చూసుకునేదాన్ని. ఒక రోజు టోపీ మర్చిపోయి వెనక్కి వచ్చాడు. నేను క్యాను మీద వంగి ఉన్నాను. టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాటినుంచి "ఊఁ" అన్నాక పెరట్లో కావాలని ఆలస్యం చేసేవాడు, నాకు సమయం ఇవ్వడానికి. తలుపు దగ్గర ముందు దగ్గి ఆ తర్వాతే లోపలికి వచ్చేవాడు. ఆ దగ్గు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నేను చూసినవి ఇంకా ఉన్నాయి, చూసి ఊరుకున్నాను. బీన్స్ అడుగంటి ఇల్లంతా పొగ కమ్మితే పక్కనే కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. వసంతంలో మొదటి అడవి వెల్లుల్లి తెచ్చి బల్లమీద పోస్తే తలెత్తలేదు. అలిగాడనుకున్నాను. చేసిన తప్పు లోపల తొలుస్తోందనుకున్నాను.

ఎనిమిదేళ్ళ తర్వాత కుడిచేతి బొటనవేలు వణకడం మొదలైంది. తర్వాత చెంచా. తర్వాత నడక, గుమ్మం దగ్గర కాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోయేవాడు. తాగుడని కొందరు, అబద్ధపు పాపమని కొందరు. జిల్లా ఆసుపత్రిలో పార్కిన్సన్స్ అన్నారు. మాత్రలు ఇచ్చారు. ఖాళీ కడుపుతో మందేమిటని నేను ప్రతి మాత్రా పెద్ద గిన్నెడు పెరుగుతో ఇచ్చాను. మందు సరిగా పనిచెయ్యలేదు. మోతాదు పెంచారు. నేను పెరుగూ పెంచాను. నాలుగేళ్ళు అలా గడిచాయి.

చివరికి ఎవరో చెబితే ప్లోవ్‌డివ్‌లో అసెనోవా అనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. చిన్న పిల్ల, మా ఇంట్లో అమ్మాయిలాగా ఉంది. వణికే చేతిని చూసి పక్కన పెట్టింది.

"మానోల్ బాబాయ్, చేతి సంగతి తర్వాత. కడుపు ఎప్పటినుంచి కదలడం లేదు?"

మానోల్ నావైపు చూసి తల దించుకున్నాడు. పొయ్యి దగ్గరి ఆడవాళ్ళ మాటలు పట్నందాకా వచ్చాయనుకున్నాడు పాపం. నలభై మూడో యేటినుంచి అని నేనే చెప్పాను.

"వాసనలు ఎప్పటినుంచి తెలియడం లేదు?"

తెలుస్తాయని మానోల్ అన్నాడు. ఆమె సొరుగులోంచి చిన్న సీసాలు తీసి కళ్ళు మూసుకోమంది. కాఫీ. సబ్బు. వెల్లుల్లి. మానోల్ ఒక్కొక్కదానికీ వంగి, రెండు ఊపిరులు తీసుకుని, "నీళ్ళు" అన్నాడు. మూడోది నాకు గది అవతలికి కూడా వస్తోంది. కళ్ళు తెరిచి సీసా మీద కాగితం చదివాడు. చాలాసేపు చదివాడు.

ఆమె నాకు అర్థమయ్యేలా చెప్పింది. మన పేగుల్లో కంటికి కనపడని సూక్ష్మజీవులు కోట్లకొద్దీ కాపురం ఉంటాయట. ఈ జబ్బు ఉన్న చాలామందిలో ఆ కాపురం తీరు వేరుగా ఉంటోందట. కొందరిలో జబ్బు మొదలయ్యేదే అక్కడని, కడుపునుంచి తలకి పోయే పొడవాటి నరం పట్టుకుని ఏళ్ళ తరబడి పైకి పాకుతుందని కొందరు డాక్టర్లు అనుకుంటున్నారట. కొందరిలో ముక్కునుంచి కావచ్చట. చెయ్యి వణకడానికి పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు ముందే కడుపు బిగుసుకుపోవడం, వాసన పోవడం చాలామందిలో ఉంటుందట. వాసన కొంచెం కొంచెంగా పోతే పోయినట్టు మనిషికే తెలియదట.

"అంటే ఆ జీవుల వల్లే వచ్చిందా, డాక్టరమ్మా?"

"తెలియదు పిన్నీ. అవి మారడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల పేగు మందగించి అవి మారాయా అన్నది ఇంకా ఎవరికీ తేలలేదు."

మరి పెరుగులోనూ జీవులే కదా, నా పెరుగు వల్ల వచ్చిందా, లేక నా పెరుగుతో పోతుందా అని అడిగాను. రెండూ చెప్పలేనంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పింది: ఈ మాత్ర పెరుగుతో కలిసి కడుపులోకి పోతే సరిగా ఒంటికి పట్టదు, గంట తేడా ఉండాలి. నాలుగేళ్ళుగా నేను చేసింది చెప్పాను. ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. మాత్రని నీళ్ళతో ఇచ్చిన వారానికే తను చొక్కా బొత్తాలు తనే పెట్టుకున్నాడు. నేను పెరట్లోకి పోయి నిలబడ్డాను.

ఆమె ఇంకో మాట అడిగింది. ఈ సంగతి తేల్చడానికి వాళ్ళు జబ్బు ఉన్నవాళ్ళ విసర్జన తీసుకుని పరీక్ష చేస్తున్నారట. మొగుడిదీ పెళ్ళానిదీ రెండూ కావాలట, ఒకే ఇంట్లో ఒకే తిండి తిన్నవాళ్ళు కాబట్టి తేడా తెలుస్తుందట. మానోల్ ఒప్పుకోలేదు. పదిహేనేళ్ళుగా ఊరంతా నవ్వుకున్న దాన్ని ఇప్పుడు డబ్బాలో పెట్టి పట్నానికి పంపాలా అన్నాడు. తలుపుదాకా వెళ్ళి ఆగాడు. ఈసారి కాళ్ళు అతుక్కుపోయి కాదు.

"అమ్మాయ్, నేనిస్తే నాకో కాగితం రాసిస్తావా? ఆ జూన్‌లో నాకు ముక్కు లేదని."

తను చూడని రోజు గురించి రాయలేనంది. రాయగలిగింది రాస్తానంది: కడుపు సమస్యా వాసన పోవడమూ చేతి వణుకు కంటే ఏళ్ళ ముందునుంచి ఉన్నాయని రోగి చెబుతున్నాడు, ఈ జబ్బులో ఇది తరచుగా జరిగేదే. కింద సంతకం, ముద్ర. మానోల్‌కి అది చాలు.

రెండు డబ్బాలూ మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఒక రాత్రి ఉన్నాయి. ఒకదానిమీద తన పేరు, ఒకదానిమీద నాది. ముప్పై ఏళ్ళు ఒకే కుండలోంచి తిన్నాం. మర్నాడు మంచుగడ్డల సంచిలో పెట్టి బస్సులో కాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. చీజు తీసుకెళ్తున్నావా మానోల్ మామా అని డ్రైవరు అడిగాడు.

"అవునురా. వెల్కో కట్టినదానికంటే మంచిది" అన్నాడు.

నవ్వాపుకోలేక కిటికీవైపు తిరిగాను, నా ఒళ్ళంతా కదిలిపోయింది. తనూ నవ్వాడు. ఆ జూన్ తర్వాత మేమిద్దరం కలిసి నవ్వింది అదే.

కాగితం చేతికి వచ్చిన రోజు కర్ర పట్టుకుని డైరీకి బయల్దేరాడు. వెనక నేను. వెల్కో ముసలివాడయ్యాడు, కానీ ఇంకా అదే తొట్టి దగ్గర ఉన్నాడు. కాగితాన్ని దూరంగా పట్టుకుని రెండుసార్లు చదివాడు. గొర్రెపిల్ల మాట ఎత్తుతాడని నేను భయపడ్డాను. ఎత్తలేదు.

"ఇది నాకెందుకు తెచ్చావురా? ఆ రోజు నేను అడిగింది ఈవిణ్ణే. నీ పక్కన పడుకునే మనిషే నోరు విప్పలేదు. నేనెలా నమ్మాలి?"

మానోల్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. చెయ్యి వణుకుతుంటే మడత కుదర్లేదు, అయినా నన్ను పట్టనివ్వలేదు. "పద" అన్నాడు.

ఊరి కుళాయి దగ్గర ఆగి రాతిమీద కూర్చున్నాడు. ఆ రోజు క్యానులో వాసన ఎలా ఉందో చెప్పమన్నాడు. చెప్పాను. తుప్పు పట్టిన మేకు నోట్లో పెట్టుకున్నట్టు, దానిమీద వెనిగర్ పోసినట్టు. శ్రద్ధగా విన్నాడు, తన పనిలో కొత్త సంగతి నేర్చుకునేవాడిలా.

"నాకు ఏమీ లేదు మింకా. పాలు ఎప్పటిలాగే ఉన్నాయి."

"నువ్వు అబద్ధం చెప్పలేదు" అన్నాను.

"నాకు తెలుసు. నాకు చెప్పకు. ఊళ్ళో చెప్పు."

చెబుతానన్నాను. ఆ శనివారం పొయ్యి దగ్గరికి వెళ్ళాను. అందరూ ఉన్నారు. రొట్టె పెట్టాను, కూర్చున్నాను, రొట్టె తీసుకుని వచ్చేశాను. వచ్చే వారం అనుకున్నాను. తర్వాత గెర్గోవ్‌డెన్‌కి అనుకున్నాను. నలుగురి ముందు నిలబడి మాట్లాడటం నాకు చేతకాదు, చిన్నప్పటినుంచీ అంతే. ఏడేళ్ళు గడిచాయి. మానోల్ మళ్ళీ అడగలేదు. శనివారం నేను ఇంటికి రాగానే నా మొహంలోకి చూసేవాడు, చూసి రొట్టె తుంచేవాడు. తర్వాత తర్వాత తుంచడం చేతకాక నేను నోట్లో పెట్టేదాన్ని. అప్పుడు కూడా ముందు చూసేవాడు, తర్వాతే నోరు తెరిచేవాడు.

ఫిబ్రవరిలో పోయాడు. మింగడం పోయింది, తర్వాత ఊపిరి. ఆ పొద్దున కూడా నేను క్యాను ముక్కు దగ్గర పట్టాను. "ఊఁ" రాలేదు. అందుకే పక్కింటివాళ్ళని పిలిచాను.

తను పోయిన మూడో వారంలో తన పేరుమీద ప్లోవ్‌డివ్‌నుంచి ఉత్తరం వచ్చింది. పరీక్షకి సాయం చేసినందుకు కృతజ్ఞతలట. రోగుల పేగుల్లో జీవులకీ వాళ్ళ ఇళ్ళవాళ్ళ జీవులకీ తేడా కనిపించిందట. ముందు ఏది మారిందో ఈ పరీక్షతో చెప్పలేమట. ఎవరి కడుపులో ఏముందో విడిగా తెలపరట. మూడుసార్లు చదివాను. నా కుండలోంచి పెట్టిన పెరుగు తన లోపల ఏమైందో, ఎవరి పక్షాన నిలబడిందో నాకు ఎప్పటికీ తెలియదు. ఇప్పటికీ గరిటె ముంచేటప్పుడు చెయ్యి ఒక క్షణం ఆగుతుంది.

మా దగ్గర మనిషి పోతే పేరూ ఫోటో అచ్చువేయించి ఊళ్ళో అంటిస్తాం, నలభయ్యో రోజుకి ఆ చావు కాగితం కొత్తది అంటించాలి. మొదటిది సంతాపానికి, ఇది జ్ఞాపకానికి. గుమ్మానికి, బస్టాపుకి, చర్చి గేటుకి, తను పనిచేసిన చోటికి. అచ్చువేసే అతను నమూనాలు చూపించాడు: మరువలేని, ప్రేమమూర్తి, శాశ్వత విశ్రాంతి. నేను ఇంటి దగ్గర పెన్సిలుతో రాసుకెళ్ళింది ఇచ్చాను. చదివి, ఇలాంటివి ఎవరూ వేయించరు పిన్నీ, జనం ఏదో అనుకుంటారు అన్నాడు. అనుకోవాలనే అన్నాను. ఈసారి మాట బయటికి వచ్చింది.

కింద ఇలా అచ్చయింది: మానోల్ ఆ జూన్ రోజు మూత తీసి వాసన చూశాడు. తనకి తెలిసింది తెలిసినట్టు చెప్పాడు. అప్పటికే జబ్బు వాసనని తీసుకుపోయింది. గొర్రెపిల్ల పండుగది, వేరే దేనికీ కాదు. అతని భార్య మింకాని ఆ రోజు అడిగారు, ఆమె చెప్పలేదు. ఇప్పుడు చెబుతోంది.

డైరీ గుమ్మానికి నేనే వెళ్ళి అంటించాను. వెల్కో లోపల ఉన్నాడు, బయటికి రాలేదు. చర్చి దగ్గర తన పేరున ఉడికించిన గోధుమలు పంచుతుంటే ఆడవాళ్ళు చెయ్యి చాచి తీసుకున్నారు, దేవుడు క్షమించుగాక అన్నారు, ఎప్పుడూ అనేదే. ఒకరిద్దరు నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. ఒకామె మొహం తిప్పుకుంది. కాగితం మాట ఎవరూ ఎత్తలేదు. ఏడేళ్ళు ముందు చెప్పి ఉంటే మానోల్ కూడా విని ఉండేవాడు. ఆ మాట నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నాలుగు రోజుల తర్వాత గాలివాన వచ్చింది. బస్టాపు దగ్గరిది చిరిగిపోయింది. డైరీ వైపు వెళ్ళి చూశాను. అక్కడిది అలాగే ఉంది. నేను జిగురుతో అంటించాను, ఇప్పుడు నాలుగు మూలలా చీజు పెట్టెలకి కొట్టే చిన్న మేకులు ఉన్నాయి. లోపల తొట్టి దగ్గర ఎవరో దగ్గుతున్నారు. పిలవలేదు. వచ్చేశాను.

ఈ పొద్దున మెట్లమీద రెండు క్యానులు ఉన్నాయి. ఒకటి పక్కింటిది. ఇంకోదానికి పక్కన సొట్ట. ఇరవయ్యేళ్ళు అయినా ఆ సొట్ట నాకు తెలుసు. ఆ జూన్‌లో వెల్కో చేతుల్లో నా ముక్కు దగ్గరికి వచ్చిన క్యాను. జఫిరా మొహం చూపించలేదు. గేటు మాత్రం గడియ పెట్టకుండా వెళ్ళింది. కొండ అవతలినుంచి మోకాళ్ళ నొప్పులతో ఎండలో ఎంతసేపు నడిచి వచ్చిందో, పాలు ఎప్పుడు పిండిందో నాకు తెలియదు.

పక్కింటి క్యానును నీడలోకి జరిపాను. సొట్టదాన్ని లోపలికి తెచ్చి బల్లమీద పెట్టాను. మూత పక్కకి జరిపాను. తను ఎప్పుడూ నిలబడే వైపు కాస్త చోటు వదిలి నిలబడ్డాను. రెండు ఊపిరులంత సేపు.

నేను వంగలేదు. మొహం కిటికీవైపు పెట్టి, పొయ్యి వెలిగించి, పాలన్నీ గిన్నెలో పోశాను.